సోమ, బుధ, శుక్రవారాల స్కాన్

మా అన్నయ్య పురోహితుడు. మందసలో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి ఎవరూ దారి చెప్పక్కర్లేదు, ఏ ఇంటి మెట్ల దగ్గర చెప్పులు ఎక్కువుంటే అదే మా ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన ఒక పాత కంప్యూటర్ ఉంది. జాతకాలు వేసే సాఫ్ట్‌వేరు, పంచాంగం, లగ్నపత్రికల నమూనాలు, అన్నీ అందులోనే. నేను టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తాని. ఆఫీసులో కంప్యూటర్ మొరాయిస్తే అందరూ నన్ను పిలుస్తారు, ఇంట్లో మొరాయిస్తే అన్నయ్య పిలుస్తాడు. ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. విసుక్కుంటూ చేస్తూ ఉంటే అదే వచ్చింది.

అన్నావదినలకి పిల్లల్లేరు. ఆ లోటు నన్ను పెంచి కొంత, తిట్టి కొంత తీర్చుకున్నారు.

ఒకసారి ఆయన లగ్నపత్రిక రంగుల్లో ప్రింటు తీయించడానికి పెన్‌డ్రైవు పట్టుకుని పలాసలో జిరాక్సు కొట్టుకి వెళ్ళాడు. పత్రికతో పాటు వైరస్ కూడా ఇంటికి తెచ్చాడు. మర్నాటికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయాయి. ఒకటి నొక్కితే ఏదీ తెరుచుకోదు, నల్లటి పెట్టె ఒకటి తళుక్కుమని మాయమవుతుంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే అన్నాను. ఆయన కోపగించుకోలేదు. "వైరస్‌కి తిథి వార నక్షత్రాలు ఉండవురా, ఉంటే ముందే చెప్పీసేవాణ్ణి" అన్నాడు.

విండోస్‌లో ఉన్న సెక్యూరిటీతోనే ఫుల్ స్కాన్ పెట్టాను. పూట పట్టింది. ఆ పూటంతా యంత్రం ఇంకేదీ చెయ్యలేదు. మౌస్ లాగితే బాణం గుర్తు ఎప్పటికో కదిలేది. పెన్‌డ్రైవు ఊళ్ళు తిరుగుతున్నన్నాళ్ళూ ఈ బెడద తప్పదు, వారంలో కొన్నిసార్లు దానంతటదే స్కాన్ అయ్యేలా పెడదామన్నాను. ఎప్పుడు పెట్టాలన్నదే సమస్య. పొద్దున్నే జనం వస్తారు. మధ్యాహ్నం ఆయన పత్రికలు రాసుకుంటాడు. రాత్రి కంప్యూటర్ ఆపకుండా వదిలేస్తే వదినకి నిద్ర పట్టదు.

ఖాళీ పూటలు మూడే ఉన్నాయి. సోమ, బుధ, శుక్ర. ఆ పొద్దుటి పూటలు ఇద్దరూ ఇంట్లో ఉండరు. పలాసలో అన్నయ్యకి డయాలసిస్.

ఉద్దానం వైపు వాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మా దగ్గర ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు కిడ్నీలు పోయి మెషీను మీద ఉంటారు. అన్నయ్యకి మొదలైనప్పుడు నా కిడ్నీ ఇస్తానన్నాను. డాక్టర్లు పరీక్షలు చేసి, మీది కూడా అంత బాగా లేదు, జాగ్రత్తగా ఉండండి అన్నారు. ఇద్దరం ఒకే నూతి నీళ్ళు తాగి పెరిగాం. ఆ రోజు బయటికొచ్చి బస్సెక్కి కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషించడం నాకు బాగా గుర్తు. అంతకన్నా ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే పక్కింటివాళ్ళ సంగతిలా ఉంటుంది.

డయాలసిస్ బ్యాగు కంప్యూటర్ వెనకాల గోడ మేకుకి వేలాడుతూ ఉండేది. అందులో ఒక దుప్పటి, స్వెట్టరు, చిన్న ఫ్లాస్కు. అక్కడ ఏసీకి ఆయన వణికిపోయేవాడు. ముందురోజు సాయంత్రమే వదిన అన్నీ సర్ది మేకుకి తగిలించేది. పొద్దున్న వెళ్ళేటప్పుడు కంప్యూటర్ ఆన్ చేసి, మానిటర్ మీద గుడ్డ కప్పి వెళ్ళమని ఆవిడకి నేర్పాను.

టాస్క్ షెడ్యూలర్ తెరిచి రోజుల ఎదురుగా టిక్కులు పెడుతుంటే అన్నయ్య పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఎనిమిదింటికి పెడతానన్నాను.

"సోమవారం ఆ వేళ రాహుకాలంరా. తొమ్మిది దాటాక పెట్టీ."

"కంప్యూటర్‌కి రాహువేమిటన్నయ్యా?"

"పెడితే నీ సొమ్మేటి పోయింది?"

మూడు రోజులకీ తొమ్మిది దాటాకే పెట్టాను. శుక్రవారం స్కాన్ సాగి సాగి రాహుకాలంలోకి పోతుంది కదా అని ఎద్దేవా చేశాను. మొదలు పెట్టిన వేళే లెక్క, ముగిసే వేళ మన చేతిలో ఉండదని తీర్పు చెప్పాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళకి ముహూర్తాలు పెట్టే మనిషి, వైరస్ స్కాన్‌కి కూడా ముహూర్తం పెట్టి తృప్తిగా లేచాడు.

చాలా నెలలు అది బాగా నడిచింది. వాళ్ళు మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరేసరికి స్కాన్ అయిపోయి ఉండేది. అన్నయ్య మంచమెక్కేవాడు, కంప్యూటర్ ఊరికే కూర్చునేది.

తర్వాత ఒక సోమవారం పొద్దున్న నేను ఆఫీసులో ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఏట్రా ఇది, కూర్చుందామంటే కదలదు. గుయ్యిమని ఒకటే మోత."

కరెంటు పోయి వచ్చి ఉంటుందనుకున్నాను. తప్పిపోయిన స్కాన్‌ని వీలైనప్పుడు మొదలుపెట్టమనే ఏర్పాటు ఒకటి ఉంటుంది, అది చేసిన పనేమో. కాసేపు ఆపీ అన్నాను. బుధవారం మళ్ళీ ఫోను. ఈసారి హార్డ్‌డిస్కు పోతోందేమో అన్నాను. భోజనాల వేళ ఆఫీసులో కూర్చుని పాత డిస్కు మీద స్కాన్ ఎందుకు భారమవుతుందో, ఏ ఫోల్డర్లు వదిలేస్తే తొందరగా అవుతుందో చదివాను. రోగం లేనివాడికి మందు వెతికినట్టు వెతికాను.

శుక్రవారం ఫోను ఎత్తగానే, "ఇదిగో, తొమ్మిది దాటింది, మొదలెట్టీసింది నీ దెయ్యం" అన్నాడు.

ఆఫీసు గోడ గడియారం చూశాను. తొమ్మిది దాటింది. శుక్రవారం. స్కాన్ పెట్టిన వేళకి పెట్టినట్టే మొదలైంది. దానిలో ఏ లోపమూ లేదు. ఆ వేళకి అన్నయ్య ఇంట్లో ఉండటమే లోపం. ఆయన అప్పటికి పలాసలో మెషీను పక్కన మంచం మీద ఉండాలి.

"ఆదివారం వస్తాను" అన్నాను. ఫోను పెట్టేసి ముందున్న ఫైలు చూసుకున్నాను. సాయంత్రం దాకా పని చేశాను, ఒక్క తప్పు కూడా దొర్లలేదు.

ఆదివారం వెళ్ళేసరికి వదిన మెట్ల మీదే ఉంది. లోపల ఎవరో ఉన్నారని సైగ చేసి గొంతు తగ్గించింది.

"ఈ వారమంతా వెళ్ళలేదు బాబూ. బ్యాగు సర్దుతాను, మేకుకి పెడతాను, ఆయన కుర్చీలోంచి లేవరు. నువ్వు చెప్పు. నా మాట ఆయనకి వినబడటం మానీసింది."

లోపల ఒక జీడితోట రైతు బల్ల మీద కూర్చున్నాడు. "పంతులుగోరూ, పిల్లడిది కూడా ఓపాలి సూసి సెప్పండి, మల్లా మావోలు నన్ను తిడతారు" అంటున్నాడు. అన్నయ్య నవ్వుతూ, పుట్టిన వేళ అడుగుతూ, కుడిచేతి చూపుడువేలితో ఒక్కొక్క అంకె కొడుతున్నాడు. ఎడమచేతి మీద డయాలసిస్ కోసం ఏర్పాటు చేసిన నరం తాడులా ఉబ్బి ఉంది. మొహం పొంగింది, పాదాలు పొంగాయి. కానీ గొంతు మాత్రం పాత గొంతు. ఏడాదిగా మంచం మీంచి వచ్చే గొంతే వింటున్నాను, ఇది మర్చిపోయాను.

రైతు వెళ్ళాక అన్నయ్య నా వైపు తిరిగాడు. "ఆ స్కాన్ తీసీరా."

"స్కాన్ బాగానే ఉంది. ఆ వేళకి నువ్విక్కడ ఉండకూడదు."

ఆయన మేకు మీది బ్యాగు కేసి చూశాడు.

"ఒకరోజు మెషీను, ఒకరోజు మంచం. కళ్ళు తెరిచేసరికి మళ్ళీ బ్యాగు. వచ్చినవాళ్ళు తలుపు తాళం చూసి చెప్పులేసుకుని వెళ్ళిపోతున్నారు. ఉన్నన్నాళ్ళు ఇక్కడ కూర్చుంటానురా. అంతే నేనడిగేది."

అప్పుడొచ్చింది నాకు కోపం. వెళ్ళకపోతే ఎన్నాళ్ళుంటావని అరిచాను. అందరికీ ఆయుర్దాయాలు లెక్కగడతావు, నీది చూసుకున్నావా అన్నాను.

"ఎవరి జాతకం వాళ్ళు చూసుకోకూడదు. అయినా డాక్టరు చూసి చెప్పీసాడు కదా. మళ్ళీ నేనెందుకు?"

నేను స్కాన్ మార్చనన్నాను. సోమవారం పొద్దున్న అది గుయ్యిమంటుంది, నువ్వు పని చేసుకోలేవు, చచ్చినట్టు బస్సెక్కుతావన్నాను. ఎంత చిన్నపిల్లల బెదిరింపో నాకే తెలుస్తోంది. నా దగ్గర ఇంకే ఆయుధమూ లేదు.

"మార్చకు. ప్లగ్గు పీకి చేత్తో వేసుకుంటాను జాతకాలు. వెళ్ళడం మాత్రం వెళ్ళను."

తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. బతిమాలాను, తిట్టాను, వదిన మీద ఒట్టు పెట్టాను. పలాసలో పరిచయమైన పేషెంట్ల పేర్లు ఒక్కొక్కటీ ఎత్తి, వాళ్ళు వెళ్ళట్లేదా అన్నాను. వాళ్ళలో ఎవరెవరు ఇప్పుడు లేరో ఆయన నెమ్మదిగా చెప్పాడు. భోజనాలయ్యాయి. మళ్ళీ మొదలుపెట్టాను. చెప్పిన మాటలే చెప్తున్నానని ఒక దగ్గర నాకు వినబడింది. అక్కడ ఆగిపోయాను. ఆయన చాలా అలిసిపోయి ఉన్నాడు, నన్ను ఓదార్చడానికి ఓపిక తెచ్చుకుంటున్నాడు. ఆ ఓపిక ఖర్చు పెట్టించడం నాకు సిగ్గనిపించింది.

కుర్చీ దగ్గరికి లాక్కుని టాస్క్ షెడ్యూలర్ తెరిచాను. వదిన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సోమవారం ఎదురుగా ఉన్న టిక్కు తీశాను. బుధవారం తీశాను. శుక్రవారం తీశాను. 

"ఎప్పుడు పెట్టమంటావు?"

అన్నయ్య అలవాటు కొద్దీ గోడ మీది పంచాంగం కేసి చూశాడు. "ఆదివారం మధ్యాహ్నం పెట్టీ. భోజనాల వేళ ఎవరూ రారు. రాహువు సాయంత్రానికి గానీ రాడు."

పెట్టాను. మార్పు ఖాయం చెయ్యడానికి కంప్యూటర్ పాస్‌వర్డు అడిగింది. అది నాకు తెలీదు, ఆయనకే తెలుసు. నేను పక్కకి జరిగాను. ఆయన ముందుకి వంగి, ఆ చూపుడువేలితోనే ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. ఒకటి తప్పు పోయి, మళ్ళీ మొదటినుంచీ కొట్టాడు. తర్వాత ఎంటర్ నొక్కాడు.

వదిన గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. మా ఇద్దరి మధ్య నుంచి చెయ్యి చాపి మేకు మీది బ్యాగు తీసింది. దుప్పటి, స్వెట్టరు బయటికి లాగింది. "ఇవి ఉతికి లోపల పెట్టీస్తాను" అంది, ఎవరితోనో తెలీదు. పెరట్లో బకెట్టులో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. నేను సాయంత్రం బస్సుకి బయల్దేరేటప్పుడు ఆ దుప్పటి తీగ మీద నీళ్ళు కారుస్తూ ఉంది.

మర్నాడు సోమవారం. ఆఫీసుకి వెళ్ళగానే ఫోను బల్ల మీద ఎదురుగా పెట్టుకున్నాను. సౌండు పెంచి ఉందో లేదో రెండుసార్లు చూశాను. తొమ్మిది దాటింది. పది అయింది. మోగలేదు.

కంప్యూటర్ బాగయింది.