పెళ్ళి పంక్తిలో పుష్పవల్లి

మద్రాసు చూలైలో తాళాలు అమ్మే చిన్నస్వామి భార్య పుష్పవల్లి. ఆమె పుట్టింట్లో అవ్వ, అమ్మ, పిన్ని యాభై దాటకుండానే పోయారు. ఎవరడిగినా గుండె జబ్బు అనేవారు. రొమ్ము అనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు.

పంతొమ్మిది వందల తొంభై మూడులో పుష్పవల్లికీ గడ్డ కనబడింది. ఆమె దాచకుండా ఆసుపత్రికి పోయి ఎడమ రొమ్ము తీయించుకుంది. పరామర్శకు వచ్చినవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే, "పోయింది అది, నేను కాదు. కాఫీ తాగి పోండి" అంది.

మరుసటి ఏడు ఒక పెళ్ళి విందులో భర్త మేనత్త కమలాంబ, "గుండె ఎట్లుంది ఇప్పుడు?" అని మర్యాదగా అడిగింది.

"గుండె బాగుంది అత్తా. దానిమీది మూతే పోయింది" అంది పుష్పవల్లి, పంక్తి అంతా వినేలా. "మా అమ్మ గుండె కూడా బాగానే ఉండింది. రొమ్ములో గడ్డని చెప్పేకి సిగ్గుపడి చచ్చింది. మీరంతా తడిమి చూసుకోండి. ఈడ కాదు, ఇంటికి పోయి."

సాంబారు వడ్డించే మనిషి బకెట్టుతో సహా వెనక్కి తిరిగాడు. చిన్నస్వామి వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమెకు అది సెలవులా అనిపించింది.

తర్వాత పిన్ని కూతురు భువనేశ్వరి వచ్చి, "అక్కా, నాకూ ఆడ ఏందో తగులుతా ఉంది" అంది. గడ్డ చిన్నగా ఉండగానే తీసేశారు. తొంభైల చివరికి బంధువుల్లో ఇంకొందరికి గడ్డలు బయటపడ్డాయి గానీ, ఎవరూ పోలేదు.

పెళ్ళిళ్ళలో పుష్పవల్లిని మగవాళ్ళకు దూరంగా కూర్చోబెట్టేవారు. ఆమె పక్క ఆకు కోసం ఆడవాళ్ళు తోసుకునేవారు.