మరియమ్మక్క ముందుగది

పొద్దున్నుంచి మా గల్లీలో ఫ్రీజర్ పెట్టె మోటారు గుర్రుమంటోంది. నాలుగిళ్ల అవతల కిరాయికున్న ముసలాయన పోయాడు. శవాన్ని ఇంటి ఓనరు గేటు లోపలికి రానివ్వలేదు. రోడ్డు మీదే టెంటు వేసి అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. ముసురు పట్టింది. పక్కనుంచి బండ్లు పోతూనే ఉన్నాయి. పెట్టె మీద బురద చుక్కలు పడ్డప్పుడల్లా ఆయన కోడలు కొంగుతో తుడుస్తోంది. ఆ మోటారు చప్పుడు వింటే నాకు అన్నం సయించదు. మరియమ్మక్క గుర్తొస్తుంది. నాకు రాయడం రాదు, సంతకం వరకే. నేను చెబుతుంటే మా అమ్మాయి సుజాత రాస్తోంది.

నల్లగొండ దిక్కు పల్లె నుంచి వచ్చిన కొత్తలో మా ఆయనా నేనూ దిల్‌సుఖ్‌నగర్ గల్లీలన్నీ టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగాం. బోర్డు చదవడం ఆయన పని, బతిమాలడం నా పని. ఎంతమంది ఉంటారు, చుట్టాలొస్తారా, నీళ్లు ఎన్ని వాడతారు, మీరేమిట్లు అని కులంతో సహా అన్నీ అడిగేవాళ్లు. సరూర్‌నగర్ చెరువు పక్క బస్తీలో మరియమ్మక్క ఒక్కటే అడిగింది.

"తలుపు మెల్లగ ఏస్తవా, ధన్ మని ఏస్తవా?"

"మెల్లగనే ఏస్త అక్కా."

"మరి నీ పెనిమిటి?"

"ఆయనది ఆటో. దానికి తలుపే లేదు."

పకపకా నవ్వి తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. బడిలో ఆయాగా చేస్తూ ఒక్కో గదీ కట్టుకుంటూ పోయిన ఇల్లు అది. ముందుగదిలో ఆదివారం ప్రార్థన జరిగేది. వెనక గదిలో మేము దిగాం.

ఒకరోజు మూసారాంబాగ్ ఆటో స్టాండులో మా ఆయన కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. దవాఖానకు చేరేసరికే ప్రాణం లేదు. అంబులెన్సు గల్లీలోకి రాగానే పై అంతస్తులో కిరాయికున్న సారు మెట్ల మీద అడ్డంగా నిలబడ్డాడు. "ఆంటీ, బాడీని లోపలికి తేనియ్యకుండ్రి. ఇయ్యాల నక్షత్రం మంచిగ లేదట. ఇల్లంత మూసిపెట్టాలె, ఎరికేనా?"

మరియమ్మక్క ముందుగది తలుపులు రెండూ బార్లా తీసింది. "నీ నక్షత్రం మన్నువడ! నాకు ఆదివారమొక్కటే ఎరుక. పదకొండేండ్ల సంది గీ ఇంట్లకెల్లి పొద్దున పోయి మాపటికి ఒచ్చిండు. ఇయ్యాల ఎత్తుకొస్తున్నరు, గంతే గద?"

ప్రార్థన చాప పరిచి ఆయన్ను పడుకోబెట్టింది. నా గాజులు పగలగొట్టడానికి వచ్చిన మావాళ్లను, "జర ఆగుండ్రి, దాన్ని ముందుగాల ఏడ్వనియ్యుండ్రి" అని కసిరింది. నెల తిరక్కుండానే పైవాళ్లు ఖాళీ చేశారు. శవాన్ని పెట్టిన ఇల్లని ఎవరూ రాలేదు. ఏడాదిపాటు వేలాడిన బోర్డు ఎండకు వెలిసిపోయింది. నీ వల్లే అని మరియమ్మక్క ఒక్కనాడూ అనలేదు.

తర్వాత సుజాత ఉద్యోగానికి దగ్గరని ఎల్బీనగర్‌కు మారాం. మొన్నటి వానలకు చెరువు పొంగి మరియమ్మక్క ఇంట్లోకి నడుముల్లోతు నీళ్లొచ్చాయి. నేనే పోయి తీసుకొచ్చాను. "నాల్గు దినాలే, నీళ్లు దిగంగనే పోత" అంది. నీళ్లలో నిలబడ్డందుకేమో, జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు పాకింది. దవాఖానలో వారం ఉంచుకుని, ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఏ ఇంటికి? ఆమె ఇంట్లో ఇంకా బురదే, మంచం వేసే చోటు లేదు. మా గదికే తెచ్చాను.

మూడో రోజు పొద్దున ఎగశ్వాస మొదలైంది. మా ఓనరు సారు కోస్తా ఆయన, మెత్తని మనిషి. గడప బయటే నిలబడ్డారు. "యాదమ్మగారూ, తప్పుగా అనుకోకండి. ఈ నక్షత్రంలో ఆవిడకి ఇక్కడ ఏమన్నా అయితే మేం ఆరు నెలలు ఇల్లు వదిలేయాలండి. మంచాన పడ్డ మా అమ్మని ఎక్కడికి మోసుకెళ్లను? ఊపిరుండగానే ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి."

మరియమ్మక్క అయితే తలుపులు రెండూ తీసేది. తీయడానికి నాకు నాదైన తలుపు లేదు. నోరు మాత్రం ఉంది. ఆ నోరు "సరే సార్" అంది. ఒక్క మాట బతిమాలలేదు. బతిమాలడం నా పని అని ముందే చెప్పాను కదా.

ఆటోలో నా ఒడిలో తల పెట్టుకుని అడిగింది. "ఏడికే?"

"దవాఖానకు అక్కా. జర నయమైతది."

"ఆళ్లే గద ఇంటికి పొమ్మన్నది."

నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది. "ఓనరు పరేషాన్ అయితుండా? పోనీ తియ్యి. మల్ల బోర్డులు జూసుకుంట తిరిగే ఓపిక నీకేడిది?"

అవే చివరి మాటలు. ఆటో ఇంకా దవాఖాన గేటు చేరలేదు. మెట్రో స్తంభాల కింద, ట్రాఫిక్‌లో, హారన్ల మధ్య అక్క ప్రాణం పోయింది. దవాఖాన నుంచి నేరుగా సమాధుల తోటకే తీసుకుపోయారు. ఏ ఇంటి నేల మీదా ఆమెను ఒక్క గడియ పడుకోబెట్టలేదు. మా ఆయనకు చాప పరిచిన మనిషిని.

ఇప్పటికీ తలుపు మెల్లగానే వేస్తాను. "మీరున్నట్టే తెలియదండి" అని ఓనరు సారు మెచ్చుకుంటారు. సుజాతకు చెప్పిపెట్టాను. నాకు ఎగశ్వాస వచ్చిననాడు, ఎవరో వచ్చి గడప బయట నిలబడేదాకా చూడకు, నువ్వే ముందు ఆటో పిలువు అని.

పిల్ల కలం ఆపింది.

"రాయి," అన్నాను.