నామం గోడకు అడివి కాగితం

మా హాల్లో తూర్పు గోడకు అడివి బొమ్మ కాగితం అంటిద్దామని కోడలు అన్నప్పుడు నేను అడిగిన మొదటి మాట, "ఆ చెట్లేమన్నా కాయలు కాస్తాయా?" అని.

ఆమె నవ్వలేదు. ఆమెకు అది నవ్వులాట సంగతి కాదు. చీరల అంగట్లో పొద్దున నుంచి రాత్రిదాకా నిలబడి నిలబడి పిక్కల్లో నరాలు తాళ్ల మాదిరి ఉబ్బినాయి. నిలబడే పని మానుకోమని డాక్టరు గట్టిగా చెప్పాడు. పని మానేసింది. ఇంట్లో ఊరికే కూర్చునే మనిషి కాదు కాబట్టి పసిపిల్లలను చూసుకునే పని పెట్టుకుంటానంది. మా వీధి చివర ఆసుపత్రి ఉంది. అక్కడ పనిచేసే నర్సమ్మలు, తెల్లారక ముందే ఫ్యాక్టరీ బస్సెక్కే ఆడవాళ్లు బిడ్డలను ఎక్కడ వదలాలో తెలియక అవస్థ పడుతుంటారు. వాళ్లతో మాట్లాడి పెట్టుకుంది. ఆదివారం వచ్చి ఇల్లు చూస్తామన్నారు. నచ్చితే సోమవారం నుంచి పిల్లలను వదులుతారు. నచ్చకపోతే పక్క వీధిలో ఇంకో చోటు ఉండనే ఉంది. అక్కడ గోడల నిండా రంగురంగుల బొమ్మలు, పైన ఏసీ.

మా ఇంట్లో ఉన్నది సున్నం గోడ. ఆనుకుంటే వీపంతా తెల్లగా అవుతుంది. సున్నమైతే పురుగు చేరదు, ఏడాదికోసారి మనమే కొట్టుకోవచ్చు అని ఇన్నేళ్లూ ఇంకో రంగు రానివ్వనిది నేనే.

"రంగు కొట్టించుకో. మధ్యలో ఈ చెట్లెందుకు?" అన్నాను.

"రంగు మీద పిల్లోళ్లు సాంబారు చేతులు పెడితే మరక పోదత్తా. ఈ పేపరైతే తడిగుడ్డతో తుడిస్తే పోతాది. పిల్లోళ్లు చెట్లను సూస్తా ఏడుపు కూడా మానేస్తారంట."

తడిగుడ్డతో పోతుందన్న మాట నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు.

నా కొడుకు యాత్రికులను తిప్పే వ్యాన్ నడుపుతాడు. వాడిని అడిగితే, "మీరిద్దరూ ఏదంటే అదే" అన్నాడు. పెండ్లయినప్పటి నుంచి ఇంటి సంగతుల్లో వాడికి వచ్చిన మాట అదొక్కటే.

నా మొరాయింపు కాగితం మీద కాదు, గోడ మీద. అది మా ఇంటి నామం గోడ. దసరా దగ్గర్లో వచ్చే పెరటాసి నెలలో ఒక శనివారం మా ఇంట్లో తళిగ వేస్తాం. తూర్పు గోడకు పసుపు పూసి, దాని మీద నామం పెట్టి, ముందర అరిటాకులు పరిచి, పులిహోర, చక్కెర పొంగలి, వడలు, ఆకుకూర పప్పు అన్నీ వడ్డించి, పిండి దీపం వెలిగించి గోవిందలు పెడతాం. ఆ పైన ఇంటివాళ్లు, పిలిచిన వాళ్లు కూర్చుని తింటారు. ఇల్లు కట్టినప్పటి నుంచి ఆ నామం పెట్టింది మా ఇంటాయన. ఆయన పోయాక కొడుకు పెడుతున్నాడు, బయట వ్యాన్ హారన్ మోగుతుంటే పెట్టినట్టు.

"మరి నామం యాడ పెట్టేది?" అని అడిగాను.

"పెద్ద పటం ఒగటి తెచ్చుకుందాం లేత్తా."

"పటం అంగట్లో కొంటారు. నామం ఇంటోళ్లు పెడతారు. రెండూ ఒగటేనా మే?"

ఆమె హాలంతా ఒకసారి చుట్టి చూసింది. మిగిలిన గోడల్లో ఒకదానికి కిటికీ, ఒకదానికి వాకిలి, ఒకదానికి వంటింటి దారి. నిండుగా ఉన్నది ఆ ఒక్క గోడే అని నాకూ తెలుసు. నాలుగు రోజులు ముక్తసరిగా మాట్లాడి చివరికి సరే అన్నాను. మంచి మనసుతో కాదు. పెరటాసికి ఇంకా నెలలు ఉన్నాయి, ఈ లోపల ఆ కాగితం ఎలాగూ ఊడి కింద పడుతుందని.

కాగితం కొనేదానికి అంగడికి నేనూ పోయాను. నేను పక్కన లేకపోతే చెప్పిన ధర ఇచ్చి వచ్చే రకం కోడలు. అంగడి పిల్లోడు దిండంత పుస్తకం తెచ్చి ముందర వేసి ఒక్కో అడివి తిప్పుతున్నాడు. ఒకదాంట్లో అన్నీ తెల్లటి మొద్దులు, ఒక్క ఆకు లేదు.

"ఇది ఫారిన్‌లో బాగా ఫేమస్ అవ్వా."

"పీనుగను కాల్చే కట్టెల మాదిరి ఉండాది. పిల్లోళ్లు పండుకునే ఇంటికా ఇది? ఆకుండే అడివి సూపించు."

ఇంకోటి చూపించాడు. పచ్చటి చెట్లు, మంచు పొగ, నడుమ ఒక కాలిబాట. కోడలి కండ్లు దాని మీదే నిలిచాయి. నేను కింది నుంచి పైదాకా వెతికాను. ఒక్క చెట్టుకూ పేరు పెట్టలేకపోయాను. కాయ లేదు, పువ్వు లేదు.

"మన అడివి లేదా నాయనా?"

"మన అడివి గోడకెందుకవ్వా? వాకిలి తీస్తే కొండ మీద కనపడతానే ఉండాది గదా!"

అడివి సంగతిలో వాడి మాటే నెగ్గింది. ధర దగ్గర మాత్రం నాది. చాలాసేపే పట్టింది. చివరికి వాడు, "అవ్వా, నువ్వు రోజూ వస్తే మేము అంగడి మూసుకోవాల" అని చుట్ట కట్టి ఇచ్చాడు.

గోడ పనికి వచ్చినాయనది సత్యవేడు పక్క పల్లె. గీకడం, పుట్టీ పెట్టడం, కాగితం అంటించడం అన్నీ ఆయనే చేస్తాడు. సున్నం మీద కాగితం నిలవదు, పూర్తిగా గీకి తీసేయాలి అన్నాడు. గురువారం పొద్దున నిచ్చెన వేసుకుని ఇనప రేకుతో గీకడం మొదలుపెట్టాడు. ఆ రోజు గీకడం అయిపోతే రాత్రికి పుట్టీ పెట్టాలి, అది ఆరితే శనివారానికి కాగితం. ఒక రోజు జారినా ఆదివారం వచ్చే వాళ్లకు చూపించేది సగం గీకిన గోడే.

నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. గీకే చప్పుడు ఆగిపోయింది. కాఫీ కోసం ఆపాడేమో అనుకున్నాను.

"అవ్వా, ఈడ రవంత సూడు."

పోయి చూశాను. గోడ నడుమ పైపొర రాలిన చోట ఎర్రగా ఒక మచ్చ కనబడింది. మచ్చలో రెండు తెల్ల గీతలు. ఉగాదికి ముందు సున్నం కొట్టేటప్పుడు పోయిన ఏటి నామం మీద కూడా కొట్టేస్తాం. పసుపు మీద సున్నం పడితే ఎర్రబడుతుంది. మొదటి పూతకు ఆ ఎరుపు పైకి కనబడుతుంది, రెండో పూతకు మునిగిపోతుంది. మునిగిందే గానీ పోలేదు. ఆయన రేకు తగిలిన ఒక అంచున, ఎర్ర మచ్చ కింద మళ్లీ తెలుపు, దాని కింద మళ్లీ ఎరుపు. పాత చాపలు ఒకదాని మీద ఒకటి వేసినట్టు.

"నామాలవ్వా. ఎన్నుండాయో లోపల" అని ఆయన రేకును కింద పెట్టేశాడు. "నామం మీద ఇనుము పెట్టకూడదని మా నాయన సెప్పినాడు. నేను పెట్టను."

కోడలు లోపలి నుంచి వచ్చింది. "అన్నా, ఆదివారం జనం ఒస్తారన్నా."

"తెలుసమ్మా. ఈ నడిమి ముక్క వదిలిపెట్టి సుట్టూ అంటించమంటే అంటిస్తా. లేదంటే రేకు ఇస్తా, నువ్వే గీకుకో. నా సెయ్యి మాత్రం రాదు."

"అడివి నడుమ సున్నం మచ్చ వదిలితే ఎట్లుంటాది?"

"బాగుండదు. సరి, అవ్వను అడుగు. ఇంటికి పెద్ద ఆమె."

ఇద్దరూ నా పక్కకు చూశారు.

నేను ఒక్క మాట అంటే చాలు. దేవుడి నామం బయటపడింది, గోడను వదిలేయండి అంటే ఈ ఊళ్లో కాదనేవాళ్లు లేరు. నా కొడుకు కూడా ఆ రోజుకు తన పాత వాక్యం మానుకుని నా పక్క నిలబడతాడు. నాలుగు రోజులు నోరు కట్టుకుని నేను కోరుకున్నది చేతికి వచ్చి పడింది.

గోడ దగ్గరికి పోయి చూశాను. పైన ఉన్నవి కొడుకు పెట్టినవి, గబగబా లాగిన గీతలు. అంచున కింద కనబడేవి మా ఇంటాయనవి. ఆయన నామంలో ఎడమ గీత కుడిదానికంటే రవంత ఎత్తు ఉండేది. ప్రతి ఏడూ నేను చెప్పేదాన్ని, "సామికి ఒక పక్క తల వాల్చినావు" అని. "సామి ఆకు పక్క సూస్తా ఉండాడు, వడ్డించు" అనేవాడు. ఎన్ని పొరలు కిందికి పోయినా అదే ఎత్తు.

కోడలు బతిమాలలేదు. మూలన పేర్చి పెట్టిన చిన్న కుర్చీలను ఒక్కొక్కటే తీసుకుని మళ్లీ లోపలికి మోస్తోంది. కాలికి చుట్టిన పట్టీ జారి మడమ మీద పడి ఉంది. దాన్ని సర్దుకోవడం కూడా మరిచిపోయింది. ఆమె నా నోటి నుంచి ఏ మాట వస్తుందో ముందే తేల్చేసుకుంది.

నేను ఆలోచించింది ఇంతే. ఈ నామాల మీద సున్నం కొట్టింది ఎవరు? మేమే. ప్రతి ఏడూ మా చేత్తోనే మూసేశాం, మళ్లీ కొత్తది పెట్టుకున్నాం. నామం దాచిపెట్టుకునే వస్తువైతే మా ఇంటాయన అట్ల చేసి ఉండడు. నుదుటి బొట్టును కూడా పొద్దున నీళ్లతో కడుక్కునే కొత్తది పెట్టుకుంటాం. కత్తితో గీకం, అంతే.

"ఇనుము వద్దు. వేడినీళ్లు, కొబ్బరి పీచు, పెద్ద బేసిను తేండి" అన్నాను.

కోడలు కుర్చీ పట్టుకునే నిలబడింది. "అత్తా?"

"బిన్నా తే మే, ఆలస్యం సెయ్యబాకు. ఆయప్పకు సాయంత్రం లోపల గోడ అప్పజెప్పాల."

పని చేసే ఆయన చేతులు కట్టుకుని చూశాడు. తర్వాత తనే నీళ్ల బకెట్టు ఎత్తి దగ్గర పెట్టాడు. కింద బేసిను పెట్టి పీచు తడిపి రుద్దాను. సున్నం నాని పేస్టు మాదిరి జారింది. కొడుకు నామాలు పోయాయి. మా ఇంటాయనవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి, పోయాయి. కొంతసేపటికి నా భుజం లేవలేదు. కోడలు నా చేతిలో పీచు తీసుకుంది. ఆమె కూడా ప్రతి పొర దగ్గరా ఒక క్షణం ఆగి చూసి తుడిచింది. సిమెంటు కనబడేదాకా ఆమె రుద్దింది, నేను నీళ్లు అందించాను.

బేసినులో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. కాలు పడే చోట పోయకూడదు.

"తులసి కోటలో పోద్దామా అత్తా?"

"సున్నం నీళ్లకు తులసి సస్తాది. కొబ్బరి చెట్టు మొదట్లో పొయ్యి. దానికి మంచిది."

శనివారం కాగితం ఎక్కింది. ఒక ముక్క చెట్టు పక్కన ఇంకో ముక్క చెట్టు ఆనించి, గుడ్డతో నిమిరి, గాలి బుడగలు బయటికి తోసి అంటించాడు. అతుకు ఎక్కడో వెతికాను. కనబడలేదు. మిగిలిన తుంటలు పారేస్తానంటే ఇవ్వలేదు. వంటింట్లో పప్పు డబ్బాల కింద పరిచాను. మా కందిపప్పు ఇప్పుడు అడివిలో ఉంది.

ఆదివారం నర్సమ్మ ఒకామె బిడ్డను ఎత్తుకుని వచ్చింది. బిడ్డ వాకిట్లో నుంచే ఏడుపు. కోడలు బిస్కెట్టు ఇచ్చింది, బంతి ఇచ్చింది, ఏదీ పనికి రాలేదు. కోడలి ముఖం చిన్నదయింది. బిడ్డ ఏడుస్తూనే గోడ పక్కకు చూసి, దిగి నడిచి పోయి చెట్టు మీద చెయ్యి పెట్టింది. కిందా పైనా వెతికింది. నా పక్కకు తిరిగి అడిగింది.

"అవ్వా, కోతులేవి?"

అలిపిరి దారిలో నడిచిన బిడ్డకు కోతి లేనిది అడివి కాదు.

"ఎవురూ అరిటిపండు ఇయ్యలేదని అలిగి కొండకు పోయినాయి" అన్నాను.

"మల్లా వస్తాయా?"

"నువ్వు ఏడస్తా ఉంటే రావు."

బిడ్డ గోడ ముందరే చతికిలబడి కూర్చుంది, వస్తాయేమోనని. నర్సమ్మ ఇల్లంతా చూసింది, బాత్‌రూము చూసింది, వంటిల్లు చూసింది. పోయేటప్పుడు బిడ్డను లేపితే రానని మొండికేసింది. "సోమవారం పొద్దున్నే తెచ్చి వదులుతా అక్కా" అని కోడలికి చెప్పి పోయింది. ఆమె చెప్పి ఇంకొందరు వచ్చారు. ఇప్పుడు మధ్యాహ్నం పూట మా హాల్లో కాలు పెట్టేదానికి చోటు ఉండదు. అందరూ పడుకునే దాకా నేను కూడా నోరు మూసుకుని కూర్చోవాలి. అదే కష్టం.

పెరటాసి వచ్చింది. కాగితం ఊడలేదు. తళిగ పెట్టుకున్న శనివారం కొడుక్కు సేలం యాత్రికుల ట్రిప్పు తగిలింది. "మీరిద్దరూ ఏదంటే అదే" అని ఫోనులోనే చెప్పేశాడు.

కోడలు తలంటి పోసుకుని వచ్చి పసుపు కలిపింది. "పేపరు మీదనే పెడదామత్తా. మరక పడితే పడనీ."

"గమ్మున ఉండు. మంచి పేపరును పాడు సేసుకుంటారా ఎవురన్నా?" అన్నాను. మా ఇంటాయన భోజనానికి కూర్చునే పీటను అటక మీద నుంచి దించి కడిగి పెట్టి ఉన్నాను. దానికి పసుపు పూసింది కోడలు. మా ఇంట్లో ఆడవాళ్లు నామం పెట్టిన దాఖలా లేదు. పెట్టకూడదని చెప్పినవాళ్లూ లేరు. నా భుజం ఇంకా పూర్తిగా లేవదు కాబట్టి ఆమెనే పెట్టమన్నాను.

వేలు తెల్ల నామంసుద్ద తడిలో ముంచి రెండు గీతలూ జాగ్రత్తగా లాగింది. అంగట్లో పటం మాదిరి సరిసమానంగా వచ్చాయి.

"సరిగా ఉండాదా అత్తా?"

"ఎడమ పక్క రవంత పైకి లాగు."

ఎందుకని అడగలేదు. ఆమె కూడా తుడిచింది కదా. వేలు మళ్లీ ముంచి, ఎడమ గీతను ఆయన ఎంత ఎత్తు పెట్టేవాడో అంతే ఎత్తుకు లాగి వదిలింది. తర్వాత నడుమ ఎర్ర గీత పెట్టింది.

పీటను అడివి ముందర నిలబెట్టాం. పసుపు ఇంకా పచ్చిగా ఉంది, కాగితానికి తగలకుండా వెనక ఒక చెక్క ఆనించమన్నాను. ఆకులు పరిచి వడ్డించడం మొదలుపెట్టాను.