దానియేలు కుట్టిన తేనెరంగు సంచి

ఆడవాళ్ళు చీర కొనడానికి రెండు గంటలు పడుతుందని ఎగతాళి చేసే మగవాళ్ళందరినీ నేను సూర్యాపేట పాత బస్టాండు పక్కన, దానియేలు వేసుకున్న టార్పాలిన్ కింద చూశాను. ఒక్క తోలు సంచి చేయించుకోవడానికి మూడు ఆదివారాలు తిరిగినవాళ్ళున్నారు. తోలు వాసన చూసేవాళ్ళు, చెంపకు ఆనించుకుని మెత్తదనం చూసేవాళ్ళు, గుండీ టక్కున మోగుతుందా లేదా అని పదిసార్లు నొక్కేవాళ్ళు. వకీలుకు కాగితాలు మడత పడకుండా పొడుగు అర కావాలి. రోడ్డు కాంట్రాక్టరుకు తాళాలకు వేరే జేబు, ఆ జేబు వెనకాల ఎవరికీ కనపడని ఇంకో జేబు కావాలి. కోదాడ సినిమా హాలు యజమాని ఒక వారం పట్టీ పొడుగు చేయించి, మరుసటి వారం కురచ చేయించేవాడు.

"చూడవయ్యా దానియేలూ, నడుస్తుంటే సరిగ్గా నడుం దగ్గర ఊగాలి. కాస్త కిందికి జారిందనుకో, బస్సు కండక్టరు అనుకుంటారు నన్ను" అనేవాడు.

ఇది ఎనభై నాలుగు, ఎనభై అయిదు నాటి సంగతి. సాగర్ కాలువ నీళ్ళతో వరి పండి, మిర్యాలగూడలో మిల్లు పక్కన మిల్లు లేస్తున్న రోజులు. కొత్తగా డబ్బు చూసిన మగవాడికి అది కనపడేలా చంకలో ఏదో ఒకటి ఉండాలి. హైదరాబాదు షాపుల్లో దొరికే సంచి అందరి దగ్గరా ఉంటుంది. దానియేలు కుట్టింది ఒక్కరి దగ్గరే ఉంటుంది.

దానియేలుది మునగాల దగ్గర పల్లె. వాళ్ళ నాయన లంద గుంతలో తోళ్ళు నానబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసి, బావుల మీద మోటలకు బొక్కెనలు కుట్టేవాడు. కరెంటు మోటార్లు వచ్చాయి, బొక్కెనల పని పోయింది. దానియేలు హైదరాబాదు పోయి ఒక సూట్‌కేసుల కార్ఖానాలో ఎనిమిదేళ్ళు చేసి తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ ఒక చెక్కపెట్టెలో ఇంగ్లీషు అక్షరాల ఇత్తడి అచ్చులు ఇరవై ఆరు తెచ్చుకున్నాడు. తోలును తడిగుడ్డతో తుడిచి, అచ్చు నిలబెట్టి, కొయ్యసుత్తితో ఒకే ఒక్క దెబ్బ. రెండోసారి కొడితే అక్షరం అదిరిపోయి పక్కన గీత పడుతుంది. ఆయన రెండోసారి కొట్టగా నేను చూడలేదు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి. తెలుగు బైబిలు కూడబలుక్కుని చదువుతాడు తప్ప ఇంగ్లీషు ముక్క రాదు.

పేరు కొట్టించుకునే దగ్గర అసలు తమాషా చూడాలి. తన పేరు ముందు తండ్రి పేరు అక్షరం ఉండాలా, ఊరి పేరు అక్షరం ఉండాలా అని ఒకాయన ఇంటికెళ్ళి పంచాయితీ పెట్టుకుని వచ్చాడు. బి.ఏ. తప్పినాయన పేరు పక్కన బి.ఏ. అని కొట్టించుకున్నాడు. లారీల ఓనరు అక్షరాల కింద లారీ బొమ్మ చెక్కమన్నాడు. దానియేలు చెక్కాడు, వెనక నంబరు ప్లేటుతో సహా.

ఇంత ముచ్చటపడి చేయించుకున్న సంచిని ఈ పెద్దమనుషులు దానియేలు చేతి నుంచి నేరుగా తీసుకునేవాళ్ళు కాదు. గోనెపట్టా మీద పెట్టమనేవాళ్ళు. ఆయన పెట్టి చెయ్యి వెనక్కి తీశాక అందుకునేవాళ్ళు. ఆ తర్వాత రోజంతా దాన్నే చంకలో ఇరికించుకుని తిరిగేవాళ్ళు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. మండితే ఏం చేశాను? ఏమీ చెయ్యలేదు. నేను సర్కారు బడిలో తెలుగు పంతుల్ని. ఒళ్ళు మండటం, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకోవడం నాకు అలవాటే.

నేనూ ఒక సంచి చేయించుకున్నాను. ఆయన చేతిలోంచి నా చేతిలోకే తీసుకున్నాను. అలా తీసుకున్నందుకు ఆ రోజు నా అంత గొప్పవాడు లేడనుకున్నాను కూడా. ఇంటికి వెళ్తే మా అమ్మ గడప దగ్గరే ఆపింది.

"ఎవరు కుట్టిన్రో తెల్వదా నాకు? గట్లనే నడింట్లకు తెస్తవా? జర గాడ పెట్టు" అని లోపలికి వెళ్ళి, చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి సంచి మీద గుమ్మరించింది.

నేను పక్కన నిలబడి చూశాను. నాది లేత రంగు సంచి. పసుపునీళ్ళు తోల్లోకి ఇంకి, ఆరాక, ఆకు మీద చీడ పట్టినట్టు మరకలు లేచాయి. రుద్దినకొద్దీ పెరిగాయి. మిగతావాళ్ళవి నల్లవీ ముదురువీ కాబట్టి బయటపడలేదు గాని, చాలా ఇళ్ళలో గడప దగ్గర జరిగేది ఇదేనని వాకబు చేస్తే తెలిసింది. నేను సంచి పట్టుకుని దానియేలు దగ్గరకు వెళ్ళి, వానలో తడిసిందని చెప్పాను. అది ఏప్రిల్ నెల. సూర్యాపేటలో చినుకు పడి నెలలయింది. ఆయన సంచిని ముఖం దగ్గరకు తెచ్చుకుని చూశాడు. "అవునా సారూ" అన్నాడు. ఇంకేమీ అడగకుండా మొత్తానికి ముదురు రంగు వేసి ఇచ్చాడు.

దానియేలుకు ఈ భూమ్మీద కావలసింది ఒక్కటే, షట్టరున్న మడిగె, చిన్న దుకాణం గది. ఊళ్ళోకి మంత్రి వచ్చిన ప్రతిసారీ మున్సిపాలిటీవాళ్ళు బస్టాండు పక్కన టార్పాలిన్లు పీకేవాళ్ళు. ఒకసారి కుట్టుమిషను తీసుకెళ్ళి మురికి మోరీలో పడేశారు. ఆయన భార్య సువార్తమ్మ మోరీలోకి దిగి దాన్ని పైకి తీసి, నూనె పెట్టి, మూడు రోజులు ఏడ్చింది. "నాలుగు గోడలుండి, తాళం ఏసుకునే జాగ ఉంటె సాలు సారూ. అండ్ల సచ్చేదాంక కుట్టుకుంట కూసుంట" అనేవాడు దానియేలు.

ఎనభై ఎనిమిదిలో ఆ జాగా ఎదురుగా వచ్చి నిలబడింది. మిర్యాలగూడ రైస్‌మిల్లు రాజలింగం సేటు సూర్యాపేట మెయిన్ రోడ్డు మీద తొమ్మిది మడిగెలు కట్టించాడు. ఒకరోజు కారు దిగి, దానియేలు ముందు ఒక పత్రిక పడేశాడు. అందులో ఎవరో విదేశీ దొర తేనెరంగు తోలు సంచి పట్టుకున్న బొమ్మ ఉంది.

"గిసొంటిది కావాలె. బెజవాడల సుత ఎవని తాన ఉండొద్దు. నాకు నచ్చిందనుకో, ఆ మూల మడిగె నీకే కిరాయికిస్త" అన్నాడు.

"నల్లది చేద్దాం సేటూ. తేనెరంగు మీద మరకలు దాగవు" అన్నాడు దానియేలు.

"నల్లది పోలీసోళ్ళ బెల్టు లెక్క ఉంటది. నేను జెప్పింది చెయ్యి."

మూడు నెలలు పట్టింది. బజారులో దొరికే తోలు పనికిరాదని దానియేలు నాయన పద్ధతిలో తానే తంగేడు చెక్క దంచి తోలు పదును చేశాడు. సేటు ఆరుసార్లు కారు పంపి పిలిపించుకున్నాడు. పిడి గుండ్రంగా కావాలన్నాడు, మళ్ళీ బల్లపరుపు అన్నాడు. లోపల పట్టుగుడ్డ ఎర్రది వేయించి, విప్పించి, ఆకుపచ్చది వేయించాడు. పేరులోని రెండు అక్షరాల చుట్టూ వరికంకి చెక్కమన్నాడు. కంకికి గింజలు తక్కువయ్యాయని మళ్ళీ చెక్కించాడు. అంతా అయ్యాక ఆ సంచిని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. అలాంటి వస్తువు మా జిల్లాలో పుట్టిందంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. సువార్తమ్మ అప్పటికే రోజూ వెళ్ళి ఆ మూల మడిగె ముందు నిలబడి, మిషను కిటికీ వైపు పెట్టాలా గోడ వైపు పెట్టాలా అని చూసి వస్తోంది.

సంచి ఇచ్చిన రోజు దానియేలు సేటుకు ఒకటే మాట చెప్పాడట. "దీనికి నీళ్ళు తగలనియ్యకుండ్రి. ఏ నీళ్ళయినా సరే." సేటు సంబరంలో తలూపి, వచ్చే శుక్రవారం రమ్మన్నాడు. కిరాయి కాగితం రాయడానికి ఒక చదువుకున్నవాణ్ణి తెచ్చుకోమన్నాడు. ఆ చదువుకున్నవాణ్ణి నేనే.

శుక్రవారం ఇద్దరం మిర్యాలగూడ బస్సెక్కాం. దానియేలు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మిల్లు ఆఫీసులో సేటు నాకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. దానియేలు గడప బయట నిలబడ్డాడు. బల్ల మీద సంచి ఉంది. వరికంకి మీద నుంచి కింది దాకా నా సంచి మీద లేచినట్టే మరకలు లేచి ఉన్నాయి. కుట్ల సందుల్లో పసుపు ఇంకా అలాగే ఉంది.

"ఏందిరా ఇది? వారం దినాలు గాలే. తోలుకు పెట్టిన సున్నం సరిగ కడగకుండ కుడతవా? నీ పనితనం ఇదేనా?" అని అరిచాడు సేటు. మిల్లు గుమాస్తాలంతా వచ్చి మూగారు.

దానియేలు సంచి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. అంతసేపు ఎందుకు చూస్తున్నాడో నాకు తెలుసు. "సేటూ, ఇది పసుపునీళ్ళ మరక, తోలు తప్పు కాదు" అని ఒక్క ముక్క చాలు. నేను పంతుల్ని, సేటు ఇచ్చిన కుర్చీలో కూర్చున్నవాణ్ణి. నేనంటే సేటు కాస్తయినా ఆగి వినేవాడు. కాని ఆ సంగతి నీకెట్లా తెలుసని అడిగితే మా గడప సంగతీ, నా వాన సంగతీ దానియేలు ఎదుటే బయటపెట్టాలి. నేను చాయ్ తాగాను. వేడిగా కూడా లేదది, ఊదుకుంటూ తాగాను.

"తప్పయింది సేటూ" అన్నాడు దానియేలు.

మూల మడిగెలో నెల తిరిగేసరికి సేటు బావమరిది రెగ్జిన్ అనే నకిలీ తోలు సంచుల దుకాణం పెట్టాడు. దానియేలు తోలుకు మరకలు పడతాయన్న మాట వకీళ్ళకు చేరింది, కాంట్రాక్టర్లకు చేరింది. తమ గడపల దగ్గర తాము చేసేది ఏమిటో తెలిసినవాళ్ళు కూడా అదే మాట పదిమందికి చెప్పారు. రెండేళ్ళకు టార్పాలిన్ కింద ఎవరూ ఆగడం లేదు. ఒకరోజు చూస్తే టార్పాలినే లేదు.

తొంభై ఏడులో ఆయన కోదాడలో, హైవే పక్కన లారీల మీద కప్పే పట్టాలు కుడుతున్నాడని తెలిసింది. అంతకుముందు ఏడాది మా అమ్మ పోయింది. చచ్చిపోయిన మనిషి మీదకు తప్పు నెట్టడం సులువు కాబట్టే అప్పుడు బయల్దేరాను. నన్ను నేను మంచివాణ్ణి అనుకోవడానికి తొమ్మిదేళ్ళు ఆగానని తెలిసే బయల్దేరాను.

లారీ నీడలో కూర్చుని పెద్ద సూదితో పట్టా కుడుతున్నాడు. జుట్టు తెల్లబడింది. సువార్తమ్మ నాట్లకు పోయిందట. నేను ఎదురుగా కూర్చుని, బస్సులో వల్లెవేసుకున్నదంతా చెప్పాను.

"సేటు సంచి పసుపునీళ్ళకు చెడ్డది దానియేలూ. నీ పనిల తప్పు లేదు. నాకానాడే తెలుసు."

ఆయన సూది ఆపలేదు. "నాకూ ఎరుకనే సారూ."

"మరి ఎందుకనలేదు?"

"నేనంటే ఏమైతది? తోలు తప్పంటే ఒక్క మడిగె పోయింది. మీరు కడుక్కున్నందుకే చెడిందని నేనంటే, ఆ బజార్ల ఒక్క దినమన్న కూసోనిస్తురా?" దారం పళ్ళతో కొరికి, ఇంకో దారం ఎక్కించుకున్నాడు. "అనేటోడు ఆడ కుర్సీల కూసున్నడు గద. అంటడేమోనని సూసిన."

మా అమ్మ మాట నోటి దాకా వచ్చింది. చెప్పలేకపోయాను. పసుపునీళ్ళు మా అమ్మ పోసింది నిజమే. ఏప్రిల్‌లో వాన కురిపించింది నేను. కుర్చీలో కూర్చుని చాయ్ తాగింది నేను. లేచి వెళ్ళిపోతే బాగుండేది. కాని నాలాంటివాడికి చివర్లో ఏదో ఒక మంచిపని చేసినట్టు అనిపించకపోతే ఇంటికెళ్ళాక నిద్ర పట్టదు.

"నాకింకో సంచి కుట్టియ్యి దానియేలూ. ఈసారి నా పేరొద్దు, దాని మీద నీ పేరు కొట్టు" అన్నాను.

ఆయన అప్పుడు సూది పక్కన పెట్టి తలెత్తాడు. ముఖంలో కోపం లేదు. బేరానికి వచ్చిన మనిషికి సలహా చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"మీకు తోలు సంచి ఎందుకు సారూ? సూర్యాపేటల ఆ మూల మడిగె ఉన్నది గద, గాడ రెగ్జిన్‌వి దొరుకుతయి. గవి తీస్కోండ్రి. ఎన్నిసార్లు కడుక్కున్నా ఏం గాదు."