మూసేసిన వెంటిలేటర్

మూడేళ్ల కిందటి మాట. ఇల్లందులో మా ఇంటి పై వాటాలో సుజాత అనే టీచరమ్మ, వాళ్లమ్మ కిరాయికి ఉండేవారు. వాళ్ల బాత్రూంలో మేము పెట్టించిన గ్యాస్ గీజర్ ఉండేది. కోతులు దూరుతున్నాయని ఆ బాత్రూం వెంటిలేటర్‌కు నేనే రేకు కొట్టించాను.

"తానం చేస్తుంటే తల తిరుగుతుంది ఆంటీ. ఆ రేకు తీయించుండ్రి" అని సుజాత రెండుసార్లు అడిగింది.

"తీస్తే మళ్లా కోతులొస్తయమ్మా" అని దాటేశాను.

చలికాలంలో ఒక పొద్దున వాళ్లమ్మ పైనుంచి కేకేసింది. "అమ్మా, జల్దీ రా! బిడ్డ పలుకుతలేదు!"

పరుగెత్తాను. బాత్రూంలో నీళ్లు పడుతున్న చప్పుడే తప్ప మనిషి అలికిడి లేదు. మావారు గడ్డపారతో తలుపు పగలగొట్టారు. సుజాత స్పృహ లేకుండా గోడకు ఒరిగిపోయి ఉంది. నేనూ వాళ్లమ్మా దుప్పటి చుట్టి బయటికి లాక్కొచ్చాం. ఆటోలో దవాఖానాకు పోతున్నంతసేపూ, అక్కడ ఎదురుచూస్తున్నంతసేపూ ఆ తల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది.

ఆక్సిజన్ పెట్టిన చాలాసేపటికి సుజాత కళ్లు తెరిచింది.

"గీజర్ నుంచి వచ్చిన విషవాయువు ఇది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు. బాత్రూంలో గాలి పోయే దారి లేదా?" అన్నాడు డాక్టర్.

"ఉండేది. నేనే మూయించాను" అన్నాను. వాళ్లమ్మ నా చెయ్యి వదిలేసింది.

వారం తిరక్కుండా వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. తర్వాత గీజర్ బయటికి మార్పించాను. రేకు తీసి ఇనుప జాలీ బిగించడానికి మేస్త్రీకి పట్టింది అరగంటే. ఆ అరగంట పని చేయించక ఒక తల్లికి కూతుర్ని దూరం చేయబోయాను.

– విజయలక్ష్మి, ఇల్లందు