మిర్బాత్ బావిలో పేలని గుండు

1972 జూలైలో ఒమాన్ దక్షిణపు కొసన మిర్బాత్ అనే చిన్న ఊరి కోసం ఒక యుద్ధం జరిగింది. అందులో ఇస్తారి కూడా ఉన్నాడు. ఆ సంగతి రెండు పక్షాలలో ఏ ఒక్కరికీ తెలియదు.

ఇస్తారిది కరీంనగర్ వైపు పల్లె, బావులు తవ్వే పని. రాతిలో బొక్కలు తొలిచి, మందు కూరి, నిప్పంటించి, పైకొచ్చి చప్పుళ్లు లెక్కపెట్టాలి. ఎన్ని అంటిస్తే అన్నీ పేలాలి. ఒక్కటి తగ్గినా ఆ పూట బావిలోకి దిగేది లేదు. ఈ విద్యను మెచ్చిన కంపెనీ ఒకటి అతన్ని సముద్రం దాటించి, మిర్బాత్‌లో మంచినీళ్ల బావి తవ్వించింది. రెండేళ్లు నాగా లేకుండా డ్యూటీ చేస్తే సెలవు, ఒక్క నాగా పడితే ఇంకో ఏడాది ఆగాలి. అంతటి దయగల కంపెనీ. ఇస్తారి ఇక్కడికొచ్చాక పుట్టిన కూతురిని అతనింకా చూడలేదు. ఆగస్టుకు రెండేళ్లు నిండుతాయి.

ఆ రోజు తెల్లవారుతుండగా సుల్తాను మీద తిరగబడ్డ కొండవాళ్లు వందల మంది దిగి ఊరిని చుట్టుముట్టారు. ఊరి వైపున్నది కొద్దిమంది కాపలావాళ్లు, పట్టుమని పదిమంది లేని బ్రిటిష్ సిపాయిలు. ఈ తెల్లవాళ్లు యుద్ధానికి రాలేదట, పాఠాలు చెప్పడానికి వచ్చారట. పొద్దున్నంతా ఫిరంగితో శ్రద్ధగా పాఠం చెప్పారు. బావి పక్కన రేకుల రూమ్‌లో మంచం కింద దూరిన ఇస్తారి, దేవుణ్ణి తలచుకోవాల్సిన వేళ చప్పుళ్లు లెక్కపెట్టాడు. గుండు ఈల వేసిన ప్రతిసారీ వెనకే పేలుడు వినిపించింది. ఒక్కసారి మాత్రం ఈల వచ్చింది, బావిలో దబ్బున ఏదో పడింది, అంతే.

విమానాలు మబ్బుల కిందుగా వచ్చాక కొండవాళ్లు వెనక్కి పోయారు. గెలిచినవాళ్లు గెలుపు పనుల్లో పడ్డారు. ఊరికి మాత్రం దాహం వేసింది. పక్కింటి హలీమా బొక్కెన పట్టుకొని వచ్చేసరికి ఇస్తారి బావి గట్టు మీద అడ్డంగా కూర్చున్నాడు. అతనికి వచ్చిన అరబ్బీలో పని, యజమాని, రేపు తప్ప ఇంకేమీ లేవు. చేతులు విప్పి ఢాం అని చూపించాడు. నిన్నటి కూలీ ఇవాళ బావికి యజమాని అయ్యాడనుకొని ఆమె తనివితీరా తిట్టింది. అతను లేవలేదు.

మర్నాడు దగ్గరి పట్నం సలాలా నుంచి హాజరు పుస్తకంతో ఫోర్‌మన్ నిసార్ అహ్మద్ వచ్చాడు. హైదరాబాదువాడు, చెడ్డవాడేం కాదు.

“చల్ ఇస్తారి, కొత్త బావి కాడ డ్యూటీ ఉంది, నడువ్. నాగా పడితే నీ ఛుట్టీ పోతది.”

“లోపల ఒకటి పేలలే సాబ్. నేను లేస్తె వీళ్లు బొక్కెన ఏస్తరు.”

“గన్ని గుండ్లు పడ్డయ్. ఒకటి తక్కువైందని నీకెట్ల తెలుసు?”

“లెక్కవెట్టిన సాబ్.”

కూతురు గుర్తొచ్చి ఇస్తారికి ఏడుపొచ్చింది. భయమూ వేసింది, పేలితే ముందు పోయేది గట్టు మీదున్న తనే. అయినా ఆ లెక్క తెలిసింది తనొక్కడికే. ఆ రోజూ లేవలేదు.

మూడోనాడు పొద్దున్నే నిసార్ కబురుతో సైన్యంవాళ్లు వచ్చి, వెతికి, బురదలో దిగబడిన గుండును బయటికి తీశారు. ఫొటో దిగుతూ, అడ్డుగా ఉన్నాడని ఇస్తారిని పక్కకు జరగమన్నారు. ఇక మిగిలింది రెండు రోజుల నాగా. దానికి కారణం యుద్ధమని రాయడానికి వీల్లేదు, అలాంటి యుద్ధమేదీ జరగలేదని పై నుంచి మాట వచ్చింది. జరగని యుద్ధంలో గుండు ఎలా పడుతుంది? నిసార్ బాగా ఆలోచించి జ్వరం అని రాశాడు. రోగంతో మానిన రోజుకు నాగా పడదు. ఇస్తారి వేలిముద్ర వేశాడు. సెలవు దక్కింది.

మనిషి వస్తున్నాడనీ, జ్వరం పడి లేచాడనీ నిసారే ఇంటికి ఉత్తరం రాయించాడు. ఇల్లు చేరిన ఇస్తారి కూతురిని ఒళ్లో కూర్చోబెట్టుకొని జరిగిందంతా భార్య ముత్తవ్వకు చెప్పాడు. ఆమె ఓపికగా విన్నది. నిరుడు మన దేశం చేసిన యుద్ధం రోజూ రేడియోలో వచ్చింది, ఇది ఒక్కరోజూ రాలేదు. పైగా ఉత్తరంలో జ్వరమనే ఉంది. జ్వరంలో మనిషి ఏవేవో చూస్తాడని ఆమెకు తెలుసు. మిరియాల కషాయం కాచి తెచ్చింది.

“ఆ దేశం నీళ్లు నీకు వడలే గావచ్చు,” అన్నది జాలిగా, అతని నుదురు తడుముతూ.

ఇస్తారి కషాయం తాగి గిన్నె కింద పెట్టాడు.

“నీళ్లు మంచియేనే,” అన్నాడు.