పురుగులుండాయి, బాగా చూసుకోండి

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, పోయిన ఏడాది మా ఇంట్లో జరిగింది చెబుతాను. మాది నంగలి పక్కన పల్లె. పట్టుపురుగులు పెంచి బతుకుతాం. పాత వంటింటిని ఒక్క రోజులో కొత్తగా మార్చే టీవీ కార్యక్రమానికి మా కోడలు రాస్తే, మా ఇంటిని ఎంచుకున్నారు. సాయంత్రం దాకా ఇంట్లోవాళ్లు ఎవరూ ఉండకూడదన్నారు.

వెనక గదిలో పురుగులు గూడు కట్టడానికి నాలుగు రోజులే ఉంది. పొద్దున్నే ఆకు వేసి, బెంగళూరు నుంచి వచ్చిన మేస్త్రీతో, "లోపల పురుగులుండాయప్పా, బాగా చూసుకోండి" అన్నాను.

"ఏ ఇంట్లో లేవమ్మా! మేం చూసుకుంటాం, పోండి" అని నవ్వాడు.

మా ఊళ్లో ఇంటింటా పట్టుపురుగులే కదా, నిజమే అనుకున్నాను.

సాయంత్రం మా కళ్లకు గంతలు కట్టి తీసుకొచ్చి, కెమెరా ముందు విప్పారు. గోడలు అద్దంలా మెరుస్తున్నాయి. అంతలో మందు వాసన గుప్పుమంది. వెనక గదిలోకి పరుగెత్తాను. ఆకు నమిలే చప్పుడు లేదు. తట్టల్లో పురుగులన్నీ ఆ మందు గాలికి మెలితిరిగి చచ్చి ఉన్నాయి.

"ఏం చేసినారప్పా?" అని అరిచాను.

"పురుగులున్నాయని మీరే చెప్పారు కదమ్మా! వంటింటి సందులన్నిటికీ మందు కొట్టించాం" అన్నాడు మేస్త్రీ.

మా ఆయన ఒక తట్ట ఎత్తి చూపించి, "అవి మాకు కూడు పెట్టే పురుగులప్పా!" అన్నాడు.

నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆ ఏడుపునే టీవీలో ఆనందబాష్పాలని చూపించారు.

కొత్త వంటగట్టు దగ్గర నిలబడి వండుకోవడం నా నడుముకు సుఖమే, కాదనను. కానీ ఇల్లు చూసినవాళ్లు మా బతుకు చూడలేదు. మీ ఇంట పాడీ పంటా చల్లగా ఉండాలి తల్లీ, మీ కన్నీళ్లను కన్నీళ్లుగానే చూసేవాళ్లు మీ గడప తొక్కాలి.